ముళ్లకంచె వాయిస్తే ఫోన్‌లో దోమ పాట వస్తోంది, తప్పెక్కడ?

జీడితోట_గుణుపురం

మాస్టార్లందరికీ నమస్కారం. గుణుపురం దగ్గర సొంత జీడితోట కంచె. రాతి స్తంభాలు, మూడేసి మీటర్ల ఎడం. పైన మూడు వరసలు ముళ్ల తీగ, అడుగున ఒక వరస నున్నటి జీఐ తీగ (జింకు పూసిన ఇనుప తీగ), పన్నెండు గేజి. అడుగు తీగను కర్రతో కొట్టి స్తంభానికి చెవి ఆనిస్తే, లోపలెక్కడో గుడి గంట మోగి ఆగినట్టు గుమ్మని వస్తుంది. ఆ గుమ్ము కోసమే ఇదంతా.

వణుకును కరెంటుగా మార్చే 27 మి.మీ. పీజో బిళ్ల తెచ్చి, దాని రెండు వైర్లనీ ఇయర్‌ఫోన్ పిన్నుకు అతికించి ఫోన్‌లో పెట్టాను. బిళ్లను మూడు మీటర్ల తీగకు సరిగ్గా మధ్యలో, ఇన్సులేషన్ టేపుతో చుట్టాను. రికార్డయింది వింటే గుమ్మూ లేదు గిమ్మూ లేదు, చిన్ చిన్ మని దోమ పాట.

బేస్ ఎక్కడ పోతోంది? బిళ్లను ఎక్కడ, ఎలా పెట్టాలి? వయోలిన్ కమానుతో కంచె వాయించేవాళ్లున్నారట, ముళ్ల తీగ మీద అది సాధ్యమా? కంచె కాక మన చుట్టుపక్కల ఇంకేం పనికొస్తాయి? ఇరవై నిమిషాల ముక్క ఒకటి కట్టాలని ఆలోచన. పాటా కాదు, తాళమూ కాదు, ఈ వస్తువుల గొంతులే.

టంకం_బరంపురం

బిళ్ల మంచిదే, తీగా మంచిదే. తప్పంతా ఫోన్ ఇన్‌పుట్‌ది.

పీజో బిళ్ల అంటే కరెంటు లెక్కలో ఒక చిన్న కెపాసిటర్. 27 మి.మీ. బిళ్లకు సుమారు 20 నానోఫారడ్లు ఉంటాయి. దాన్ని దేనికి తగిలించినా ఆ ఇన్‌పుట్ రెసిస్టెన్సుతో కలిసి బేస్‌ను కోసే ఫిల్టరై కూర్చుంటుంది. ఎక్కడ కోస్తుందో కావాలంటే 6.28ని ఓములతో, ఫారడ్లతో గుణించి, ఆ వచ్చినదానితో 1ని భాగించండి. ఫోన్ మైకు ఇన్‌పుట్ రెండు కిలో ఓములనుకుంటే 4,000 హెర్ట్జ్. మీ గంట గుమ్మంతా 200కు లోపే ఉంటుంది, మరి మిగిలేది దోమే కదా. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10 కిలో ఓములైతే 800 దగ్గర కోస్తుంది. అదే గిటారు ఇన్‌పుట్, 1 మెగా ఓమ్ అయితే 8 హెర్ట్జ్. అంటే మనిషి చెవికి అందేదంతా దక్కినట్టే. గిటారు ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ దొరికితే ఇంకేమీ కట్టక్కర్లేదు, నేరుగా పెట్టేయండి.

లేకపోతే టీఎల్ 071 ఐసీతో బఫర్ కట్టుకోండి, అంటే బిళ్లకూ రికార్డర్‌కూ మధ్య నిలబడి బేస్ పోకుండా చూసే చిన్న సర్క్యూట్. 7వ కాలికి 9 వోల్టుల బ్యాటరీ ప్లస్, 4వ కాలికి మైనస్. ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య రెండు 100 కిలో ఓముల రెసిస్టర్లు వరసగా. అవి కలిసే చోట నాలుగున్నర వోల్టులుంటాయి, అక్కణ్ణుంచి మైనస్‌కి ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. అదే చోటు నుంచి 3వ కాలికి 1 మెగా ఓమ్. 2వ కాలినీ 6వ కాలినీ కలిపేయండి. బిళ్లలో వెండి పూత వైపు వైరు ముందు 0.1 మైక్రోఫారడ్ మీదుగా, తర్వాత 10 కిలో ఓముల మీదుగా 3వ కాలికి. ఇత్తడి వైపు వైరు మైనస్‌కి. బయటికి వెళ్లేది 6వ కాలి నుంచి 10 మైక్రోఫారడ్ (ప్లస్ కొస ఐసీ వైపు), ఆపైన 100 ఓములు.

బిళ్ల మీద గట్టి దెబ్బ పడితే పదుల వోల్టులు పుడతాయి, ఐసీ చచ్చిపోతుంది. అందుకని 3వ కాలి దగ్గర రెండు 1ఎన్4148 డయోడ్లు పెట్టండి. ఒకదాని గీత ఉన్న కొస ప్లస్‌కి, రెండో కొస 3వ కాలికి. ఇంకోదాని గీత ఉన్న కొస 3వ కాలికి, రెండో కొస మైనస్‌కి. ఇది తిరగేసి పెడితే ఏమీ వినపడదు, బ్యాటరీ మాత్రం వేడెక్కుతుంది. సగం మంది అక్కడే తడబడతారు.

ఐసీ తాగేది రెండు మిల్లీ ఆంపియర్ల లోపు, కాబట్టి బ్యాటరీ వంద గంటలు సులువుగా లాగుతుంది. 7 వోల్టులకు దిగితే మార్చేయండి, ఆ తర్వాత చిటపటలు మొదలవుతాయి.

ఫోన్‌లోకే పంపాలంటే బయటి వైరును 47 కిలో ఓముల మీదుగా మైకు కొసకు ఇచ్చి, ఆ కొసకీ గ్రౌండుకీ మధ్య 2.2 కిలో ఓములు పెట్టండి. మట్టం కనీసం ఇరవై రెట్లు తగ్గుతుంది, పైగా ఆ 2.2 కిలో ఓములను చూసే ఫోన్ "మైకు తగిలింది" అని గుర్తిస్తుంది. మూడు గీతలు, నాలుగు భాగాలు ఉన్న పిన్నులో కొన నుంచి వరసగా ఎడమ, కుడి, గ్రౌండు, మైకు. ఫోన్లో ఉండే రొద తగ్గించే సెట్టింగ్ ఆపకపోతే మాత్రం అది మీ గంటనే రొద అనుకుని తుడిచేస్తుంది.

టంకం వేసేటప్పుడు 25 వాట్ల ఐరన్, వెండి పూత మీద ఒక్క సెకను. ఎక్కువసేపు ఆనిస్తే పూత ఊడి వచ్చేస్తుంది, ఆ బిళ్ల ఇక పనికిరాదు. పదీ ఇరవై రూపాయల్లో వైర్లు అతికించినవే దొరుకుతాయి, అవే కొనండి.

బఫర్‌ని బిళ్లకు జానెడు దూరంలోనే పెట్టండి. మధ్య వైరు పొడవైతే ట్రెబుల్ పోతుంది.

స్టేవైరు_ముట్టకు

సర్క్యూట్ సంగతి బాగానే ఉంది. అసలు కంచె ముట్టుకోవచ్చా లేదా అన్నది ఎవరూ చెప్పలేదేటి?

గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి వైపు తోటల్లో అడవి పందుల కోసం రాత్రిపూట లైను నుంచి కొక్కెం వేసి కంచెకు కరెంటిచ్చేవాళ్లున్నారు. అది నేరం, ఏనుగులూ మనుషులూ పోయారు. మీ కంచె మీదే కావచ్చు. దాని చివర పక్క తోట కంచెకు ముడి పడి ఉందా? ఉంటే వాళ్ల తీగలో వచ్చేది మీ తీగలోకీ వస్తుంది. ముందు వాళ్లతో కరెంటు తీయించి, ఆ ముడి కోసి, మధ్యలో ఒక అడుగు నైలాన్ తాడు వేసి కట్టండి. తర్వాతే మిగతా పని.

సోలార్ ఫెన్సింగ్ వేరే. సెకనుకో సెకనున్నరకో ఒకసారి, కొన్ని వేల వోల్టులు, రెప్పపాటులో వందోవంతు కూడా ఉండదు. మనిషిని విసిరి వదిలేస్తుంది గానీ రికార్డర్ని బతకనివ్వదు. స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదు అనుకోవద్దు, అంత చిన్న మెరుపు పట్టపగలు కంటికి ఆనదు. తోట యజమానిని అడగడమే అసలు టెస్టరు. ఒడియా వాళ్ల తోటైతే "తారరె కరెంట్ అఛి కి?" అని అడగండి, సాయంత్రం పెడతారా అని కూడా అడగండి. పగలు లేదంటే రాత్రి లేదని కాదు.

ఇంకొకటి. బిళ్ల ఇత్తడి వైపు మీ సర్క్యూట్ గ్రౌండు. అది నేరుగా కంచెకు ఆనితే, కంచెకూ మీ చెవిలోని ఇయర్‌ఫోన్‌కూ ఒకే తీగ అయినట్టు. ఇత్తడి కింద రెండు వరసలు టేపు వేసి తీరాలి.

కరెంటు స్తంభానికి ఆనుకుని నేలలోకి దిగే స్టే వైరు చూడ్డానికి వీణ తీగలా ఉంటుంది, అందరికీ దాని మీదే కన్ను పడుతుంది. మధ్యలో పింగాణీ గుడ్డు పగిలి, పై ముక్క లైనుకు తగిలితే అది నేరుగా లైనే. వద్దు. రైలు పట్టాలూ వద్దు. రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా వెళ్తే రైల్వే చట్టం 1989, 147వ సెక్షన్ కింద ఆర్నెల్ల వరకు జైలు ఉంది. మెరుపు కనిపించాక ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ఏ తీగైనా సరే వదిలేసి పక్కా ఇంట్లోకి పోవడమే. వంద మీటర్ల కంచెకు ఏ మూల పిడుగు పడ్డా ఆ దెబ్బ తీగ పొడవునా పాకుతుంది.

మూడోశ్రుతి_పర్లాకిమిడి

స్టేవైరు గారు చెప్పిందాని మీద చెప్పాల్సింది లేదు, అది ముందు చదివి తర్వాత ఇది చదవండి.

ముందు బరంపురం మాస్టారి చివరి మాట సరిచేస్తాను. పీజోకి వైరు పొడవైతే ట్రెబుల్ పోదు. అది గిటారు పికప్ సంగతి, దాంట్లో ఉన్నది కాయిల్ కాబట్టి. పీజో తానే కెపాసిటర్, వైరూ కెపాసిటరే. రెండూ కలిసి శబ్దాన్ని మొత్తంగా కాస్త తగ్గిస్తాయి, అంతే. పది మీటర్ల షీల్డెడ్ వైరుకు ఒక నానోఫారడ్ వేసుకున్నా, ఇరవైలో ఒకటి, అర డెసిబెల్ కూడా కాదు. బఫర్ దగ్గరగా ఉండమనడం మాత్రం నిజమే, కారణం వేరు. పొడవు వైరు చుట్టుపక్కల కరెంటు లైన్ల హమ్మును పీల్చుకుంటుంది, నేల మీద రాసుకుంటే దానికదే బరబరలాడుతుంది.

ఇప్పుడు తీగ. 2.5 మి.మీ. జీఐ తీగ మీటరుకు 38 గ్రాములు పైచిలుకు. కంచె బిగింపు యాభై కిలోల బరువంత అనుకుందాం. ఆ తీగలో అల సెకనుకు 113 మీటర్లు పోతుంది. మూడు మీటర్ల తీగకు మూల స్వరం, అంటే తీగ మొత్తం ఒకే ఊపుగా ఊగితే వచ్చే అన్నిటికన్నా కింది స్వరం, 19 హెర్ట్జ్. అంటే మీరు వినే గంట మూల స్వరం కాదు, దాని మీద మెట్లుగా ఉండే 38, 57, 76, 95... ఇవన్నీ కలిసిన గుంపు. అందుకే అది ఒక శ్రుతికి తేలదు, గంటలా ఉంటుంది.

దీన్ని పైకి తేవాలని అందరూ చేసే పని తీగను ఇంకా బిగించడం. స్వరం రెట్టింపు కావాలంటే బిగింపు నాలుగింతలు కావాలి, అంటే రెండు వందల కిలోలు. మామూలు జీఐ తీగ తెగే హద్దు దాదాపు అక్కడే. తెగిన తీగ కళ్ల మీదికే వస్తుంది. బిగించొద్దు, పొడవు తగ్గించండి. వీణకు గుర్రం ఉన్నట్టే, ఎండు టేకు ముక్కను మూడంగుళాల ఎత్తున చెక్కి, పైన గాడి పెట్టి, తీగ కింద దోపి అడుగున రాయి ఆనించండి. స్తంభానికి 75 సెం.మీ. దూరంలో పెడితే ఆ ముక్క 76 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అవతలి రెండుంపావు మీటర్లు వేరే గొంతు. గుర్రాన్ని జరుపుతూ వెదుక్కోండి, కొలతకన్నా చెవే నయం.

బిళ్లను మధ్యలో చుట్టారన్నారు. అక్కడ తీగ బాగా ఊగుతుంది నిజమే, కానీ పీజోకి కావలసింది ఊపు కాదు, నొక్కుడు. నొక్కుడు ఎక్కువ ఉండేది కొసల్లో. పైగా మధ్యలో టేపు, బిళ్ల, వైరు బరువు పడితే తీగ గొంతు నొక్కినట్టే. గుర్రం అడుగుకీ రాయికీ మధ్య బిళ్ల పెట్టండి, పైనా కిందా పల్చటి తోలు ముక్క. రబ్బరు పెడితే పై స్వరాలన్నీ మింగేస్తుంది. గుర్రం వద్దనుకుంటే అగ్గిపెట్టెంత చెక్క ముక్కకు ఒక వైపు గాడి కోసి, రెండో వైపు బిళ్లను అరల్డైట్‌తో అంటించి, స్తంభం నుంచి బెత్తెడు దూరంలో తీగకు కేబుల్ టైతో బిగించండి. బిళ్ల మొత్తం చదునుగా అంటుకోవాలి. ఒక అంచు లేచి ఉంటే ప్రతి దెబ్బకూ కిర్రుమంటుంది, చాలామంది దాన్ని తీగ శబ్దమే అనుకుంటారు.

కమాను విషయం. ఆస్ట్రేలియాలో జాన్ రోజ్ అనే వయోలిన్ విద్వాంసుడు 1983 నుంచి కంచెలనే వాయిద్యాలుగా వాయిస్తున్నాడు, ముళ్ల తీగలతో సహా. ముళ్లకూ ముళ్లకూ మధ్య నాలుగంగుళాలుంటే కమాను పొట్టిగా లాగాలి, ఒక్క ముల్లు తగిలినా వెంట్రుకలు పోతాయి. మీకు నున్నటి తీగ ఉండగా ఆ కష్టమెందుకు? ఖరీదైన కమానూ వద్దు. మూడడుగుల వెదురు బద్దను కొంచెం వంచి, సన్నటి నైలాన్ గేలపు దారం నలభై యాభై పోగులు బిగించండి. వయోలిన్ కమానుకు రాసే రోజిన్ అనే చెట్టు బంక దండిగా పట్టించండి. నైలాన్ నున్నగా ఉంటుంది, అందుకని మొదటిసారి దారాన్ని సన్న ఉప్పుకాగితంతో రెండుసార్లు తోమితే రోజిన్ నిలుస్తుంది. మన వైపు సాల చెట్ల గుగ్గిలం చవకే గానీ అది పెళుసు, నాలుగు లాగులకే పొడై రాలిపోతుంది.

కమాను వేగంగా లాగితే రాదు. బరువుగా, నింపాదిగా, గుర్రానికి జానెడు దూరంలో. తీగకు తుప్పు ఉంటే ముందు అక్కడ ఎమెరీ కాగితం పెట్టాలి.

ఇంకో దారి ఉంది, నాకు అదే ఇష్టం. రోజిన్ పొడి అద్దిన గుడ్డతో తీగను పొడుగునా, నిమురుతున్నట్టు లాగండి. అప్పుడు తీగ పక్కకు ఊగదు, పొడవునే సాగి ముడుచుకుంటుంది. ఉక్కులో ఆ అల సెకనుకు సుమారు 5,000 మీటర్లు, బిగింపుతో పని లేదు. మూడు మీటర్లకు 830 హెర్ట్జ్, ఇరవై మీటర్లు ఏకంగా ఉంటే 125. గాజు గ్లాసు అంచు మీద వేలు తిప్పినట్టు తేటగా వస్తుంది. అమెరికాలో ఎలెన్ ఫుల్‌మన్ 1980ల నుంచి పొడవైన తీగల మధ్య నడుస్తూ రోజిన్ వేళ్లతో వాయించేది ఈ పద్ధతిలోనే. తోలు గ్లవుజు లేకుండా జీఐ తీగను నిమరవద్దు, జింకు పెచ్చులు చేతిలో దిగుతాయి.

గాలితో మోగడం కావాలంటే లెక్క ఇది: గాలి వేగాన్ని తీగ మందంతో భాగించి అయిదో వంతు తీసుకోండి. సెకనుకు 5 మీటర్ల గాలికి 2.5 మి.మీ. తీగ 400 హెర్ట్జ్ దగ్గర పాడుతుంది. గాలి మెల్లగా పెరిగితే స్వరం జారదు, 19 హెర్ట్జ్ మెట్లలో గెంతుతుంది, ఎందుకంటే తీగ తనకున్న మెట్లలోనే నిలబడగలదు. కానీ గాలి ఒకే ఊపున రావాలి. గుణుపురం లోయలో కొండ గాలి కుదుపులుగా వస్తుంది, తీగ పట్టు దొరికేలోపే వదిలేస్తుంది. ఇందుకు గోపాలపురం ఒడ్డున మధ్యాహ్నం దాటాక వచ్చే సముద్రపు గాలి వంద రెట్లు నయం.

జీడితోట_గుణుపురం

దండాలు మాస్టారూ. బఫర్ కట్టాను, గుర్రం పెట్టాను, గుమ్ము వచ్చింది! పక్క తోట ముడి కోసి నైలాన్ వేశాను. అయితే రెండు చిక్కులు. మొదటిది, అడుగున ఎడతెగకుండా "ఊఁ" అని హమ్ము. రెండోది, సెకనుకొకసారి సన్నగా "టిక్". ముడి కోశాక కూడా.

టంకం_బరంపురం

ట్రెబుల్ మాట వెనక్కి తీసుకుంటున్నా, పర్లాకిమిడి మాస్టారిదే రైటు.

టిక్ పక్క తోట సోలార్ యంత్రానిది. తీగ కలవకపోయినా ఆ వేల వోల్టుల కుదుపు గాల్లోంచే బిళ్ల వైర్లకు అంటుకుంటుంది. అంటే మీ బిళ్లకు షీల్డు (బయటి కరెంటు రొదను ఆపే లోహపు తొడుగు) లేదన్నమాట, హమ్ముకూ అదే కారణం కావొచ్చు. తేల్చుకోవడానికి బిళ్లను గుర్రం కింద నుంచి తీసి గాల్లో పట్టుకోండి. హమ్ము అలాగే ఉంటే కరెంటు హమ్ము, 50 హెర్ట్జ్. మాయమైతే అది నిజంగా నేలలోంచో తీగలోంచో వస్తున్న శబ్దం. దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని ఇనుము సెకనుకు వంద సార్లు వణుకుతుంది, కాబట్టి అది 100 హెర్ట్జ్‌లో ఉంటుంది. అదైతే తీసెయ్యకండి, మంచి ఆధార శ్రుతి.

షీల్డు ఇలా: బిళ్ల వెండి వైపు రెండు పొరలు నెయిల్ పాలిష్, బాగా ఆరనివ్వాలి. పైన టేపు ఒక వరస. దాని మీద రాగి టేపు చుట్టి ఇత్తడి అంచుకు టంకం వేయండి. వంటింటి అల్యూమినియం రేకు కూడా పనిచేస్తుంది గానీ దానికి టంకం పట్టదు, ఒలిచిన రాగి వైరు నాలుగు చుట్లు చుట్టి గ్రౌండుకు కలపాలి. బఫర్‌ని ప్లాస్టిక్ డబ్బాలో కాక పాత పౌడరు డబ్బాలో పెట్టి డబ్బాను మైనస్‌కి కలపండి. రికార్డింగ్ చేస్తూ ఫోన్ పవర్ బ్యాంకుకు పెట్టి ఉంచితే ఇవన్నీ దండగే.

ఇంకో చిన్న మార్పు. 3వ కాలి దగ్గరున్న 1 మెగా ఓమ్ తీసి 470 కిలో ఓములు పెట్టండి. 20 హెర్ట్జ్ కింద కోసేస్తుంది. గాలికి స్తంభం ఊగే ఊపు చెవికి వినపడదు గానీ మీటరు ముల్లును మాత్రం ఎర్ర గీత దాటిస్తుంది, అది పోతుంది.

నాగావళి_ఒడ్డు

కంచె కాక ఇంకేం అన్నారుగా, రాయగడ వైపు నుంచి నా మాట.

అన్నిటికన్నా తేలికైనది ఊరి బోరింగు, అదే ఇండియా మార్క్ 2 చేతిపంపు. లోపల 12 మి.మీ. ఉక్కు కడ్డీలు మూడేసి మీటర్లవి ఒకదానికొకటి మరలతో బిగించి నీటి దాకా దిగుతాయి. బిళ్లను పిడికి కాదు, నేలలో పాతిన మూడు కాళ్ల దిమ్మకు, పైపు అంచు మీద పెట్టండి. గొలుసు గలగల, కడ్డీల జాయింట్లలో కటుక్కు, అడుగు వాల్వు పడ్డప్పుడు ఎక్కడో పాతాళంలో తలుపు వేసినట్టు దడ్. మామూలుగా కొట్టే వేగం నిమిషానికి నలభై, కాబట్టి విలంబ కాల తాళం ఎవరో వేస్తున్నట్టే ఉంటుంది. నీళ్ల కోసం బిందెలు వరసలో ఉన్నప్పుడు మాత్రం వెళ్లకండి. మధ్యాహ్నం రెండు మూడు గంటలకు ఖాళీగా ఉంటుంది.

తర్వాత కల్వర్టు. రోడ్డు కింద సిమెంటు హ్యూమ్ పైపులు. ఇక్కడ పీజో వద్దు, మామూలు మైకు చాలు. 90 సెం.మీ. వెడల్పు, రెండున్నర మీటర్ల పైపు ఒక్కటే పడి ఉంటే గాలి స్తంభం 58 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. పొడవు ఒక్కటే లెక్కేసి 70 అంటారు కొందరు. వెడల్పు పైపుకు మూతుల దగ్గర గాలి కాస్త బయటికి కూడా ఊగుతుంది, ఆ వైపుకింత కలుపుకోవాలి. మూడు పైపులు కలిపి వేసిన కల్వర్టులో మూల స్వరం 22కి దిగిపోతుంది, దాని మెట్లు 44, 66, 88 మాత్రం చక్కగా వినిపిస్తాయి. పైన లారీ వెళ్తే ఆ రొదంతా ఈ మెట్లలోకి వడకట్టుకుని వస్తుంది. మైకును మూతి దగ్గర పెట్టొద్దు, పైపు నడిమిన పెడితే మూల స్వరం గట్టిగా వస్తుంది, మూడో వంతు దూరంలో పెడితే రెండో మెట్టు కలుస్తుంది. లోపలికి చెయ్యి పెట్టేముందు టార్చి వేసి చూడండి, ఎండాకాలం పాములకు చల్లటి చోటు అదే.

ఊయల వంతెన మీద ఆశ పెట్టుకుంటారు, మా వైపు నాగావళి మీద చెకాగుడ వంతెన ఉంది కూడా. కానీ ఆ పెద్ద మోకులు మోగవు. అవి పురి తిప్పిన తీగల మోకులు, పోగులు ఒకదానితో ఒకటి రాసుకుని ఊపంతా మింగేస్తాయి. మోగేవి మోకు నుంచి కిందికి దిగే నిలువు కడ్డీలు. అడుగు నట్టు దగ్గర బిళ్ల పెడితే నడిచేవాళ్ల అడుగులకు ఒక్కో కడ్డీ ఒక్కో స్వరంలో పలుకుతుంది, మధ్య కడ్డీలు పొట్టివి కాబట్టి పై స్వరం, ఒడ్డు వైపువి కింది స్వరం. వంతెన మొత్తం ఊగే ఊపు కావాలంటే పీజో చాలదు, నేల కదలికను పట్టే జియోఫోన్ కావాలి. 10 హెర్ట్జ్ జియోఫోన్ లోపల కాయిల్ ఉంటుంది, 375 ఓములు, దానికి బఫర్ అక్కర్లేదు, నేరుగా మైకు ఇన్‌పుట్‌కే. నిటారుగా నిలబెట్టాలి, పడుకోబెడితే మూగది.

పంచాయతీ నీళ్ల ట్యాంకు ఇనుప మెట్లు కూడా మంచివే. ట్యాంకు ఆపరేటరుకీ సర్పంచికీ ముందే చెప్పండి. వైర్లు పెట్టి ట్యాంకు దగ్గర తచ్చాడుతుంటే నీళ్లలో ఏదో కలుపుతున్నారనుకుంటారు. అక్కడ రెండు కిలోల సుత్తి కన్నా రబ్బరు బంతి గుచ్చిన వెదురు పుల్ల ఎక్కువ పలికిస్తుంది. బంతిని రెయిలింగ్ మీద ఈడిస్తే గోవు అరిచినట్టు వస్తుంది.

మూడోశ్రుతి_పర్లాకిమిడి

కడ్డీల సంగతి బాగా చెప్పారు. ఎడిటింగ్ గురించి ఒక్కటే మాట: 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసి సగం వేగానికి దించితే కంచె నిజంగా కొండంతవుతుంది. పొడవు తీగను కొడితే వచ్చే "ప్యూఁ" ఉంది చూశారా, అది తీగ బిరుసు వల్ల. పై స్వరాలు ముందు పరుగెత్తుకొస్తాయి, కింది స్వరాలు వెనక. సగం వేగంలో ఆ జారుడు విప్పి చూపించినట్టుంటుంది.

నాగావళి_ఒడ్డు

అలా దించేస్తే ఏ కంచైనా ఒకటే అయిపోతుంది మాస్టారూ. వేగం మార్చకుండా, రెండు బిళ్లలు రెండు కొసల్లో పెట్టి ఎడమ కుడి చెవులకు పంచితే దెబ్బ తీగ మీద నడిచి వెళ్లడం వినిపిస్తుంది. ముప్పై మీటర్ల తీగలో పక్క ఊపుకు పావు సెకను పైనే పడుతుంది అవతలి కొస చేరడానికి. దాన్ని పాడుచేయడమెందుకు?

జీడితోట_గుణుపురం

రెండూ చేసి చూస్తాను. ఇంకొక ప్రశ్న. నలుగురైదుగురు తోటకే వచ్చి వింటారు. కరెంటు, స్పీకర్లు లేకుండా తీగ గట్టిగా వినిపించే దారి ఉందా?

టంకం_బరంపురం

ఉంది, మన జముకుల కథ చెప్పేవాళ్ల దగ్గరే ఉంది. జముకు అనే వాయిద్యం డొల్ల అడుగున చర్మం, దాని నడిమి నుంచి తీగ. లాగి మీటితే చర్మం పలుకుతుంది. అదే ఇక్కడా. 15 కిలోల నూనె రేకు డబ్బా తీసుకుని పైమూత కోసేయండి. అడుగు రేకు నడిమిన మేకుతో బెజ్జం. ఒక మి.మీ. బైండింగ్ వైరు అందులోంచి దూర్చి, లోపలి కొసకు వాషరు వేసి ముడి. బయటి కొసను కంచె తీగకు గుర్రం పక్కనే కొక్కెంలా తగిలించండి. డబ్బా మూతి వైపు అంచుకు తాడు కట్టి, కంచెకు అడ్డంగా వెనక్కి లాగి గూటానికి బిగించండి. మూతి వినేవాళ్ల వైపు ఉంటుంది. బైండింగ్ వైరు ఎక్కడా దేనికీ రాసుకోకూడదు, మీటరు పొడవు చాలు. తీగను కమానుతో లాగితే పది పదిహేను అడుగుల దూరం దాకా బాగా వినిపిస్తుంది.

జీడితోట_గుణుపురం

కట్టాను. మోగింది. పది నిమిషాలకే వాషరు చుట్టూ రేకు చిరిగి వైరు బయటికొచ్చేసింది.

టంకం_బరంపురం

వాషరు చిన్నదై ఉంటుంది. అంగుళంన్నర వాషరు లోపలొకటి, బయటొకటి, మధ్య రేకు వచ్చేలా నట్టు బోల్టుతో బిగించి, బోల్టు తలకు బెజ్జం కొట్టి వైరు అక్కడ కట్టండి. అంతకన్నా పెద్ద వాషరు వేయకండి, రేకు ఊగడానికి చోటుండదు. గూటం తాడును చేత్తో లాగితే వచ్చే బిగువు చాలు, కర్ర పెట్టి మెలిపెట్టొద్దు.